నడక కుదురుగా రావట్లేదా? కీఫ్రేమ్ ముట్టుకునే ముందు ఇవి చూడండి

3D యానిమేషన్‌లో పాత్ర నడక గురించి ఒక్క షాట్ పెట్టుకుని మాట్లాడుకుందాం. కీఫ్రేమ్ అంటే ఫలానా ఫ్రేములో పాత్ర ఎలా ఉండాలో మనం పెట్టే గుర్తు. విశాఖ పెదజాలరిపేట ఒడ్డున తలమీద చేపల బుట్టతో ఒకావిడ ఇసుకలో నడిచొస్తోంది. రిఫరెన్సు కావాలంటే పొద్దున్నే అక్కడికెళ్లి, అడిగి, ఫోన్లో తీసుకోండి.

సమస్య: వ్యూపోర్టులో (సాఫ్ట్‌వేర్‌లో సీను కనబడే కిటికీలో) ఆగి ఆగి ఆడుతోంది

చాలాసార్లు తప్పు యానిమేషన్‌ది కాదు, కంప్యూటర్ అందుకోలేకపోతోందంతే. సాఫ్ట్‌వేర్ మాయా అయితే ప్లేబ్లాస్ట్, బ్లెండర్ అయితే వ్యూపోర్ట్ రెండర్, అంటే సీనుని వీడియోగా తీసి చూడండి. అందులో బాగుంటే కర్వుల (కీఫ్రేముల మధ్య కదలికని చూపే గీతల) జోలికి పోవద్దు.

సమస్య: రిఫరెన్సుని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ దించినా నడక ఈడ్చినట్టుంది

ఫోన్ వీడియో ఎక్కువగా సెకనుకి 30 ఫ్రేములు, మీ సీను 24. ఫోన్లో ఒక సెకను నడక మీ దగ్గర సెకనుంపావు అవుతోంది. వీడియో నిడివి మారకుండా ముందే 24కి మార్చుకుని, అప్పుడు సీన్లోకి తెచ్చుకోండి.

సమస్య: అంతా నున్నగానే ఉంది, కానీ నీళ్లలో నడిచినట్టు తేలిపోతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. బ్లాకింగ్ (ముఖ్యమైన భంగిమలు పెట్టడం) అయ్యాక స్టెప్డ్ (భంగిమ నుంచి భంగిమకి గెంతే పద్ధతి) నుంచి స్ప్లైన్‌కి (మధ్యలో నున్నగా కలిపే పద్ధతికి) మార్చగానే, సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి మలుపు దగ్గరా కదలికని నెమ్మది చేసేస్తుంది. పైగా నడుము, ఛాతీ, చెయ్యి అన్నీ ఒకే ఫ్రేములో ఆగుతాయి. ఇక్కడ కీఫ్రేములు పెంచితే పని ఇంకా చెడుతుంది. సగం తీసేయమంటాను నేను.

ముందు నడుము పైకీ కిందికీ కదిలే కర్వ్ ఒక్కటే తెరవండి. మడమ ఆనిన కొద్ది ఫ్రేములకి నడుము బాగా కిందికి దిగాలి, ఒక కాలు రెండోదాన్ని దాటాక పైకి లేవాలి. ఇసుకలో పాదం దిగబడుతుంది కాబట్టి కింద ఇంకో రెండు ఫ్రేములు ఎక్కువ ఉంచండి. తల మాత్రం దాదాపు ఊగకూడదు. ఆ ఊపుని వెన్ను, మోకాళ్లు మింగేస్తాయి. నడుముతో సమానంగా బుట్టా ఎగిరితే అందులో చేపలు లేనట్టే కనిపిస్తుంది. ఊగే చెయ్యిని ఛాతీ కన్నా రెండు ఫ్రేములు, పైట కొంగుని ఇంకాస్త ఆలస్యంగా కదిలేలా జరపండి.

బుట్టలోంచి చేప జారితే? మీటరున్నర ఎత్తు నుంచి నేలకి సుమారు 13 ఫ్రేములు. మొదటి సగం సమయంలో అది పడేది పావు దూరమే, మిగతా ముప్పావూ రెండో సగంలో. నేల తాకే చోట కర్వ్ హ్యాండిల్ (వాలుని మార్చే పిడి) చదునుగా ఉంటే చేప దూదిలా దిగుతుంది, దాన్ని విరిచి (రెండు వైపులూ విడదీసి) నిటారు చేయండి.

సమస్య: మోకాలు టక్కున ఎగురుతోంది

ఐకే కాలు (పాదం ఉన్న చోటుని బట్టి మోకాలు దానంతటదే వంగేది) పూర్తిగా చాచుకుపోతే, ఆ చివర్లో నడుము కాస్త కదిలినా మోకాలు చాలా తిరుగుతుంది. నడుము కొంచెం దించి, కాలికి ఎప్పుడూ చిన్న వంపు ఉంచండి.

సమస్య: ఆనిన పాదం జారుతోంది

రెండు కీఫ్రేముల్లో విలువ ఒకటే ఉన్నా మధ్యలో కర్వ్ ఉబ్బుతోంది. ఆ రెంటి హ్యాండిళ్లనీ ఫ్లాట్ (చదును) చేయండి. ఉన్నచోటే నడిచే వాక్ సైకిల్ (మళ్లీ మళ్లీ తిరిగే నడక) అయితే వేరే సంగతి: ఆనినంతసేపూ పాదం వెనక్కి లీనియర్‌గా (ఎక్కడా తగ్గకుండా పెరగకుండా), పాత్ర ముందుకెళ్లే వేగంతోనే జరగాలి.

సమస్య: మణికట్టు ఉన్నట్టుండి గిర్రున తిరుగుతోంది

ఒక కీఫ్రేములో 170 డిగ్రీలు, పక్కదాంట్లో మైనస్ 170 పడింది. ఆయిలర్ ఫిల్టర్ (ఇలాంటి కోణాల గెంతుని సరిచేసే ఆదేశం) వేయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే రొటేషన్ ఆర్డర్ (X, Y, Z అక్షాల్లో ఏది ముందు తిరగాలనే వరస) మార్చాలి, అదీ యానిమేషన్ మొదలెట్టకముందే.