మైనర్ లీగ్ బేస్‌బాల్ చూద్దాం – 3వ పాఠం: మిత్రుడు బంతి వేసే రోజు

అమెరికాలో మేజర్ లీగ్ జట్ల కింద ఆటగాళ్లు ఎదిగే మైనర్ లీగ్‌లో, అన్నిటికన్నా పైదైన ట్రిపుల్-ఎ నుంచి సింగిల్-ఎ వరకు ఉన్న నాలుగు స్థాయులనూ, 2021 నుంచి 30 మేజర్ లీగ్ జట్లకు స్థాయికి ఒకటి చొప్పున మొత్తం 120 అనుబంధ జట్లు ఉన్న అమరికనూ గత పాఠంలో చూశాం. ఇప్పుడు ప్రయాణానికి సరైన రోజును ఎంచుకోవడం, మైదానంలో మిత్రుడి ఆటను కాగితంపై నమోదు చేయడం నేర్చుకుందాం.

మీరు నార్త్ కరోలినాలోని షార్లట్‌లో ఉంటున్నారనీ, మీ మిత్రుడు మేజర్ లీగ్ జట్టు టాంపా బే రేస్‌కు ట్రిపుల్-ఎ అనుబంధమైన డర్హమ్ బుల్స్ జట్టులో స్టార్టింగ్ పిచ్చర్ (మ్యాచ్ మొదటి నుంచి బంతి వేసే ఆటగాడు, అంటే స్టార్టర్) అనీ అనుకుందాం. ఐ-85 రహదారి మీదుగా డర్హమ్‌కు సుమారు 140 మైళ్లు. దారిలో చిక్కేమీ లేదు, చిక్కంతా రోజు దగ్గరే. బ్యాటర్ వారంలో చాలా రోజులు ఆడతాడు కాబట్టి ఎప్పుడు వెళ్లినా దాదాపు కనిపిస్తాడు. స్టార్టింగ్ పిచ్చర్ మాత్రం ఒకసారి బంతి వేశాక కనీసం నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు.

సాధారణంగా ఒకే ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం వరకు ఆరు మ్యాచ్‌లు జరుగుతాయి, సోమవారం సెలవు. జట్టులో ఆరుగురు స్టార్టర్లు వంతులవారీగా ఆడుతుంటే మీ మిత్రుడికి ప్రతి వారమూ అదే రోజు వస్తుంది. ఐదుగురే ఉంటే మంగళవారం వేసినవాడు ఆదివారం మళ్లీ వేస్తాడు, బుధవారం వేసినవాడి వంతు వచ్చే మంగళవారానికి, గురువారంవాడిది బుధవారానికి జరుగుతుంది. గాయాలు, పై స్థాయికి పిలుపులు ఈ లెక్కను తారుమారు చేస్తాయి గనుక, బయలుదేరే ముందు ఆ రోజు పిచ్చర్ల ప్రకటన చూసి, మిత్రుడికి ఒక మెసేజ్ పెట్టి నిర్ధారించుకోండి. వాతావరణం కూడా చూసుకోవాలి. వర్షంతో ఆట చాలాసేపు ఆగితే, అప్పటిదాకా బంతి వేసిన స్టార్టర్‌ను సాధారణంగా తిరిగి దింపరు.

ఇక నమోదు. స్కోర్‌కార్డులో బ్యాటర్ ఆడిన ప్రతిసారికీ ఒక గడి ఉంటుంది, ఫీల్డింగ్‌లో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. పిచ్చర్ 1, బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ 2, మొదటి, రెండవ, మూడవ బేస్‌ల ఆటగాళ్లు 3, 4, 5, రెండవ, మూడవ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ, మధ్య, కుడి ఔట్‌ఫీల్డర్లు 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతిని ఆపి మొదటి బేస్‌కు విసిరి ఔట్ చేస్తే ‘6-3’ అని రాస్తాం. మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ ఔటయ్యే స్ట్రైకౌట్‌కు ఇంగ్లీషు అక్షరం ‘కె’ (K), బ్యాటర్ బ్యాట్ ఊపకుండానే మూడవ స్ట్రైక్ అయితే ఆ అక్షరాన్నే అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు తిప్పి రాయాలి. నాలుగు బాల్స్‌తో (స్ట్రైక్ జోన్ బయట పడి, బ్యాటర్ ఊపని బంతులు) నడక దొరికి బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కు వెళితే ‘బిబి’ (BB).

స్నేహితుడి కోసం వెళ్లినవారు ప్రతి బ్యాటర్‌కు పడిన బంతులను కూడా గడి మూలన చుక్కలుగా పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ స్థాయిలో యాజమాన్యం గెలుపుకన్నా ఆటగాడి ఎదుగుదలకే ప్రాధాన్యం ఇస్తుంది, స్టార్టర్ వేయాల్సిన బంతులకు ముందుగానే పరిమితి పెట్టుకుంటుంది. బాగా వేస్తున్న మిత్రుణ్ణి ఐదవ ఇన్నింగ్స్‌లో ఎందుకు తప్పించారో మీ చుక్కలే చెబుతాయి.

మైదానం కొలతలు కూడా మార్జిన్‌లో రాసుకోండి. 1995లో ప్రారంభమైన డర్హమ్ మైదానంలో ఎడమవైపు గోడ కేవలం 305 అడుగుల దూరంలో ఉన్నా, దాని ఎత్తు 32 అడుగులు. నేరుగా, తక్కువ ఎత్తులో దూసుకొచ్చిన బంతి ఆ నీలి గోడను తాకి వెనక్కి పడితే, వేరేచోట హోమ్ రన్ అయ్యే దెబ్బ ఇక్కడ రెండవ బేస్ దాకా మాత్రమే చేర్చే డబుల్‌గానే ఆగవచ్చు. గాలిలోకి ఎత్తుగా లేచిన మామూలు దెబ్బ గోడ దాటి హోమ్ రన్ కావచ్చు. రెండవది జరిగితే అది మిత్రుడు ఇచ్చిన పరుగుగానే లెక్కలోకి వస్తుంది. అయినా ‘గోడ దగ్గర’ అని పక్కన రాసి ఉంచితే, మ్యాచ్ తరువాత అతనితో మాట్లాడేటప్పుడు ఆ బంతిని సరిగ్గా గుర్తు చేసుకోగలరు.

అభ్యాసం: మొదటి బ్యాటర్ ఐదవ బంతికి బ్యాట్ ఊపి స్ట్రైకౌట్ అయ్యాడు. రెండవవాడికి ఆరు బంతులకు నడక దొరికింది. మూడవవాడు కొట్టిన మొదటి బంతిని షార్ట్‌స్టాప్ అందుకొని రెండవ బేస్ ఆటగాడికి, అతను మొదటి బేస్‌కు విసరగా ఇద్దరు ఔటయ్యారు. ఈ ఇన్నింగ్స్‌ను మూడు గడుల్లో రాసి, పక్కన మొత్తం బంతుల సంఖ్య వేయండి. చివరి గడిలో ‘6-4-3’, పక్కన 12 ఉంటే మీ నమోదు సరైనదే.