లోకల్ వార్తకి గ్లోబల్ యాంగిల్ ఎలా పట్టుకోవాలి

పత్రికలో మన వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు "దీనికి గ్లోబల్ యాంగిల్ ఏమైనా ఉందా" అనగానే చాలామంది రిపోర్టర్లు చేసేది ఏంటంటే రాసిన కాపీ చివర్లో "ప్రపంచమంతా ఇదే పరిస్థితి" అని ఒక లైన్ అతికించి పంపేయడం. ముందు ఆ లైన్ కొట్టేయండి.

టాపిక్ కాదు, ఒక వస్తువు పట్టుకోండి. ప్రపంచీకరణ మీద రాయమంటే చేతులు ఆడవు, అదే యూరియా బస్తా మీద రాయమంటే ఎక్కణ్ణుంచి వచ్చింది, దేంతో చేశారు, రేటు ఎందుకు పెరిగింది అని ఒక్కో మెట్టు వెనక్కి అడుగుతూ పోవచ్చు. యూరియాకి అమ్మోనియా కావాలి, అమ్మోనియా ఎక్కువగా సహజ వాయువుతోనే చేస్తారు, 2021లో యూరప్‌లో గ్యాస్ రేట్లు మండిపోయేసరికి అక్కడి ఎరువుల ఫ్యాక్టరీలు కొన్ని ఉత్పత్తి తగ్గించేశాయి, 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది, ఎరువులు ఎగుమతి చేసే పెద్ద దేశాల్లో రష్యా ఒకటి. ఏ దేశం ఏది ఎంత కొన్నదో ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కలు పెట్టే యూఎన్ కామ్‌ట్రేడ్ సైట్‌లో దొరుకుతుంది. ప్రతి మెట్టుకీ ఒక కాగితమో మనిషో ఉండాలి, లేని చోట ఊహతో అతికించొద్దు.

ఇక్కడే అసలు గొయ్యి ఉంది. "యుద్ధం వల్లే సార్" అని అధికారి అనగానే రాసేసుకుని వచ్చేస్తాం, గోడౌన్‌లో స్టాక్ ఉందో లేదో చూడం. దూరపు కారణం నిజమే అయినా అది దగ్గరి తప్పుకి దుప్పటిలా పనికొస్తుంది. వరదలదీ అంతే. ఫలానా వాన పడే అవకాశం భూమి వేడెక్కడం వల్ల ఎన్ని రెట్లు పెరిగిందో వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టి చెప్తుంది, ఆ లెక్క వాడండి, కానీ నీళ్లు ఎందుకు నిలిచాయో వేరేగా అడగండి. మొత్తం వాతావరణ మార్పు ఖాతాలో వేసేస్తే కాలువ పూడ్చినవాడు హాయిగా నిద్రపోతాడు.

ఇంక రివర్స్‌లో, అంటే గ్లోబల్ వార్త నుంచి లోకల్‌కి కూడా రావొచ్చు. పనామా పేపర్స్ అంటే విదేశాల్లో పెట్టిన డొల్ల కంపెనీల గుట్టు బయటపెట్టిన లీక్, అందులో కోటీ 15 లక్షల డాక్యుమెంట్లు, ఒక జర్మన్ పత్రికకి చిక్కాయి, ఒక్కళ్లు చదవడం అయ్యే పని కాదు, అందుకే ఐసీఐజే అనే అంతర్జాతీయ పరిశోధనా జర్నలిస్టుల సంస్థ ద్వారా పదుల దేశాల రిపోర్టర్లకి పంచారు, ఎవరి దేశం పేర్లు వాళ్లకే కదా తెలిసేది. మీరూ ఏదైనా పెద్ద రిపోర్ట్ వస్తే ముందుమాట వదిలేసి వెనక ఉన్న పట్టికల్లో మీ ప్రాంతం లైన్ వెతకండి (ముందుమాటలు ఎలాగూ అన్నీ ఒకేలా ఉంటాయి). తర్వాత గొలుసు అవతలి కొసలో ఉన్న రిపోర్టర్‌కి మెయిల్ పెట్టండి, వాళ్లకి కంపెనీ తెలుసు, మీకు మనుషులు తెలుసు. కానీ స్టోరీ వేసే తేదీ ఇద్దరూ ముందే ఒప్పుకోండి, పనామా స్టోరీలు 2016 ఏప్రిల్ 3న అన్ని దేశాల్లో ఒకేసారి మొదలయ్యాయి, ఒకళ్లు తొందరపడి ముందు వేసేస్తే రెండో వాళ్ల సోర్సులు ఫోన్ ఎత్తడం మానేస్తారు.