జర్మనీకి కొత్తగా వచ్చారా: కరెంటు, రైలు, నీళ్లు ఎవరి చేతిలో ఉంటాయో తెలుసుకోండి

తెలుగు రాష్ట్రాల్లో డిస్కం ఒక్కటే వచ్చి మీటరు చూసి బిల్లు ఇచ్చే పద్ధతికి అలవాటుపడినవారికి ఇక్కడి ఏర్పాటు మొదట అయోమయంగా ఉంటుంది. జర్మనీలో ఇంటిదాకా తీగ వేసి నిర్వహించేవారు వేరు, ఆ తీగ మీద కరెంటు అమ్మేవారు వేరు. 1996 నాటి ఐరోపా సమాఖ్య విద్యుత్ ఆదేశంతో మొదలైన మార్పు ఇది. జర్మనీ 1998లోనే తన విద్యుత్ మార్కెట్‌ను తెరవగా, 2007 జూలై 1 నాటికి సమాఖ్యలో దాదాపు అంతటా ప్రతి ఇంటికీ అమ్మకందారును ఎంచుకునే హక్కు దక్కింది.

ఇంటి తాళాలు తీసుకునే రోజునే మీటరు ఎక్కడుందో అడగండి. చాలా భవనాల్లో అది నేలమాళిగలో ఉంటుంది. మీటరు నంబరు, రీడింగు రెండూ కనిపించేలా ఫోటో తీసుకుని, అవే అంకెలను ఇల్లు అప్పగింత పత్రంలో రాయించండి; లేకపోతే పాత అద్దెదారు వాడకం మీ లెక్కలో పడే ప్రమాదం ఉంది. మీరు ఎవరితోనూ ఒప్పందం చేసుకోకపోయినా దీపం వెలుగుతుంది, ఎందుకంటే ఆ ప్రాంతంలో అత్యధిక ఇళ్లకు సరఫరా చేసే సంస్థ ప్రతి ఇంటికీ కరెంటు ఇవ్వవలసిందేనని చట్టం చెబుతోంది. గ్రుండ్‌ఫెర్‌జోర్గుంగ్ అనే ఈ సరఫరా సాధారణంగా ఖరీదే గాని, రెండు వారాల నోటీసుతో వదిలేయవచ్చు. చవకైన ఒప్పందాల్లో మొదటి గడువు రెండేళ్ల దాకా ఉండవచ్చు కాబట్టి, బోనసు చూసి తొందరపడటం కన్నా గడువు చదవడం మేలు. మధ్యలో ధర పెంచితే మాత్రం ఒప్పందం రద్దు చేసుకునే ప్రత్యేక హక్కు మీకుంటుంది.

ఐరోపా చట్టంలో కరెంటు, రవాణా లాంటి ప్రజాసేవ అందించేది ప్రభుత్వ సంస్థా ప్రైవేటు సంస్థా అన్నది అంత ముఖ్యం కాదు. దాని మీద ఏ బాధ్యత మోపారన్నదే ముఖ్యం. ఐరోపా సమాఖ్య కార్యనిర్వహణ ఒప్పందంలోని 106వ అధికరణం ప్రకారం ఇలాంటి సేవలకూ పోటీ నిబంధనలు వర్తిస్తాయి, అయితే అప్పగించిన పనికి అవి ఆటంకం కానంతవరకే. స్టెండాల్ ప్రాంతపు బస్సులకు సంబంధించిన ఆల్ట్‌మార్క్ కేసులో 2003లో ఐరోపా న్యాయస్థానం, ప్రజాసేవ బాధ్యత మోసినందుకు ఇచ్చే పరిహారం నిర్దిష్టమైన నాలుగు షరతులకు లోబడి ఉంటే పోటీ నిబంధనలు పరిమితం చేసే ప్రభుత్వ సాయం కిందికి రాదని తేల్చింది.

దీని ఫలితం స్టేషన్లోనే కనిపిస్తుంది. ప్రాంతీయ రైళ్లను రాష్ట్రాలు డబ్బు చెల్లించి నడిపించుకుంటాయి, ఐసీఈ అనే దూరప్రయాణ వేగ రైళ్లు వ్యాపారంగా నడుస్తాయి. అందుకే దేశమంతా ప్రాంతీయ రవాణాకు పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ మొదటివాటిలో చెల్లుతుంది, ఐసీఈలో చెల్లదు. సరైన టికెట్ లేకుండా దొరికితే సాధారణంగా 60 యూరోలు కట్టాలి. డాయిచ్‌లాండ్ టికెట్ నెలవారీ చందా. ఒక నెలాఖరుకు ఆపదలిస్తే ఆ నెల 10వ తేదీలోగా చెప్పాలి.

నీళ్ల విషయంలో ఎంపిక లేదు. నీటిని ప్రైవేటుకు అప్పగించవద్దంటూ 2013లో పౌరుల సంతకాల ఉద్యమం గట్టిగా సాగడంతో, ప్రజాసేవలను సంస్థలకు అప్పగించే ఒప్పందాల మీద 2014లో వచ్చిన ఐరోపా కన్సెషన్ ఆదేశం నుంచి నీటిని మినహాయించారు. బిల్లు సాధారణంగా అద్దెతోపాటు నేబెన్‌కోస్టెన్‌లో, అంటే అదనపు ఖర్చుల్లో, వస్తుంది.

చిరునామా నమోదయ్యాక ప్రజా రేడియో, టీవీల కోసం వసూలు చేసే ప్రసార రుసుము లేఖ కూడా వస్తుంది. టీవీ లేదన్నా ఒప్పుకోరు: ఇంటికి నెలకు 18.36 యూరోలు. కలిసి ఉంటే ఒక్కరు కడితే చాలు, మిగతావారు కట్టేవారి రుసుము నంబరు రాసి బదులు పంపాలి.