కొత్త తలుపు అన్నారు, పాతదానికే లప్పం పెట్టారు

రావులపాలెం దగ్గర కొబ్బరికాయల ట్రాక్టర్ తగిలి మా కారు ఎడమ వెనక తలుపు నొక్కుకుపోయింది. క్యాష్‌లెస్ క్లెయిమ్ (షెడ్డుకి డబ్బు బీమా కంపెనీయే కడుతుంది) కింద బాగుచేసి ఇచ్చారు. మొదటి వానకే కాళ్ల కింద నీళ్లు! "అంతా బాగానే ఉంది సార్" అన్నారు షెడ్డువాళ్లు. అయస్కాంతం పెట్టి చూస్తే చాలాచోట్ల అంటుకోలేదు. అంటే రంగు కింద మందంగా లప్పమే. నష్టం అంచనా వేసిన బీమా సర్వేయర్ రిపోర్టు కాపీ తెప్పించుకుంటే అందులో కొత్త తలుపు అని ఉంది. ఒళ్లు మండింది. పిల్లలు కూర్చునే వైపది.

ఫొటోలు, రిపోర్టు జతచేసి బీమా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి, మళ్లీ తనిఖీ చేయమన్నాను. ఫోన్లో వాదించకండి, రాతలోనే అడగండి. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి బీమా నియంత్రణ సంస్థ IRDAI హెల్ప్‌లైన్ 155255కి ఫోన్ చేసి, వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో ఫిర్యాదు పెట్టాను. అప్పుడు కదిలారు, కొత్త తలుపు వేశారు. ఈసారి పైపుతో నీళ్లు కొట్టించి చూశాకే సంతకం పెట్టాను.