వానలు ముదిరేలోపు నీళ్ల పరీక్ష: సీసా ఏ కుళాయి దగ్గర పట్టారు?

పోయిన వానాకాలం ఒక ఊరి నుంచి మా ల్యాబుకు నీళ్ల సీసా వచ్చింది. పరీక్షలో ఏమీ దొరకలేదు. పంచాయతీ వాళ్లు ఆ రిపోర్టును ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టుకున్నారు. నాలుగు రోజులు తిరక్కుండా అదే ఊళ్లో చివరి వీధిలో పదకొండు ఇళ్లలో వాంతులు, విరేచనాలు. ఊళ్లోకి వెళ్లగానే నేను అడిగింది ఒక్కటే: ఆ సీసా ఎక్కడ పట్టారు?

"ట్యాంకు కిందే సార్. అక్కడైతే దగ్గరని" అన్నాడు వాటర్‌మ్యాన్.

ట్యాంకు కింద నీళ్లు తాగేదెవరు? అతనూ, అక్కడ కట్టేసిన రెండు గేదెలూ.

చివరి వీధికి నడిచాం. ప్రెషర్ రావడం లేదని ఒక ఇంటివాళ్లు మూరెడు లోతు గుంట తవ్వి కుళాయిని అందులోకి దించుకున్నారు. రాత్రి పడిన వానకు గుంట నిండి కుళాయి మూతి మునిగిపోయింది. పక్కనే సైడు కాలువ. ఇంటి కనెక్షన్ పైపు ఆ కాలువలోంచే వస్తోంది. జాయింటు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇనప తీగతో బిగించారు. కాలువ నీళ్లు ఆ ట్యూబు మీదుగా పారుతున్నాయి.

2018 మార్చిలో పాత గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ పోయాయి. ఇక 2025 డిసెంబరు చివర్లో ఇండోర్‌లోని భగీరథ్‌పుర. నగరాల శుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో వరసగా ఎనిమిదిసార్లు మొదటి స్థానం కొట్టిన నగరం ఇండోర్. అక్కడ కూడా తాగునీటి లైన్లో మురుగు కలిసింది. చెరువు చెడిందా, బోరు చెడిందా అని వెతుకుతాం గానీ, చాలాసార్లు నీళ్లు చెడేది దారిలోనే.

కాచి తాగండి, చేతులు కడుక్కోండి అని నేను మళ్లీ చెప్పను, అవి అందరికీ తెలుసు. నేను చెప్పేది పరీక్ష గురించి. నా అనుభవంలో జనాన్ని ముంచిన తప్పు ఒకటే: ట్యాంకు దగ్గర పట్టిన నీళ్లను ఊరందరి నీళ్లు అనుకోవడం.

ఎందుకు తప్పంటే

మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. మిగతా సమయమంతా పైపు దాదాపు ఖాళీ. మోటారు ఆపగానే లైన్లో ఉన్న నీళ్లు పల్లానికి జారిపోతాయి, వెనక ఉన్న పైపు నోటితో జుర్రినట్టు లాగుతుంది. పగులు కాలువలో ఉంటే కాలువ నీళ్లు, వాల్వు గుంటలో ఉంటే ఆ గుంటలో నిలిచిన నీళ్లు, కుళాయి మునిగి ఉంటే కుళాయి గుంటలోవి, ఏవి అందితే అవి లోపలికి పోతాయి. మర్నాడు నీళ్లు వదలగానే ముందుగా బిందెలోకి వచ్చేవి అవే. ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతుంటే ఇక చెప్పక్కర్లేదు, వీధి మొత్తానికి మురుగు పంచుతున్నట్టే.

రెండో కారణం క్లోరిన్. బ్లీచింగ్ కలిపిన ట్యాంకు దగ్గర క్లోరిన్ నిండుగా ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవి బతకదు, రిపోర్టు బాగా రాక ఏం చేస్తుంది? లైను పొడవునా పాచితో, మురికితో పోరాడుతూ చివరికి చేరేసరికి ఆ క్లోరిన్ అయిపోతుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం మనిషి తాగే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో మలంలో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు. ఇవి చూడాల్సింది చివరి కుళాయి దగ్గర. ట్యాంకు దగ్గర కాదు.

సీసా పట్టే పద్ధతి

ల్యాబు ఇచ్చిన సీసాలోనే పట్టాలి. కూల్‌డ్రింకు సీసాను వేడినీళ్లతో కడిగినా పనికిరాదు. ల్యాబు సీసా అడుగున చిటికెడు తెల్లటి పొడో, రెండు చుక్కల ద్రవమో ఉంటుంది. అది సోడియం థయోసల్ఫేట్, నీళ్లలోని క్లోరిన్‌ను అక్కడికక్కడే విరిచేస్తుంది. అది లేకపోతే దారి పొడవునా సీసాలో క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపుతూనే ఉంటుంది, మీరు తాగిన నీళ్లు వేరు, మేం పరీక్షించే నీళ్లు వేరు అవుతాయి. ఒకాయన అడుగున ఏదో మురికి ఉందని మూడుసార్లు కడిగి మరీ నీళ్లు పట్టుకొచ్చాడు. శుభ్రమైన మనిషే, కాదనను. సీసా మాత్రం పారబోయాల్సి వచ్చింది.

కుళాయికి తగిలించిన గొట్టం, గుడ్డ, జల్లెడ తీసేయాలి. ఇనుప కుళాయి అయితే స్పిరిట్ దూది వెలిగించి మూతిని కాల్చాలి. ప్లాస్టిక్‌దైతే స్పిరిట్‌తో తుడిస్తే చాలు. రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు పట్టమంటుంది నియమం. నేను ఇంకో సీసా కూడా అడుగుతాను: నీళ్లు వదిలిన వెంటనే వచ్చే మొదటి ధార. దాని మీద 'మొదటి నీళ్లు' అని విడిగా రాయండి. 'మొదటి నీళ్లు' సీసా చెడి, నీళ్లు వదిలేశాక పట్టినది బాగుంటే, మురుగు ఆ వీధి లైన్లోనో ఆ ఇంటి కనెక్షన్‌లోనో చేరుతోందని అనుమానించాలి. రెండూ చెడితే ఇంకా పైకి వెతకాలి. ఈ రెండూ చివరి కుళాయి దగ్గరే. ట్యాంకు దగ్గర మూడోది పట్టుకోండి, వద్దనను, కానీ పోల్చి చూసుకోవడానికే.

సీసా మెడనీ మూత లోపలి భాగాన్నీ వేలితో తాకకూడదు. పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. ఐసు పెట్టిన డబ్బాలో ఆరు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. బస్సు డ్రైవరుకిచ్చి ఇంజను పక్కన పెట్టించి పంపిన సీసాలు కూడా చూశాను.

ఊళ్లోనే చేసే పరీక్షలు

హెచ్‌టూఎస్ సీసా చవక, సులువు. గీత వరకు నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. సాయంత్రం పోసిన సీసా మర్నాటికి కాఫీ డికాషన్‌లా తయారవడం చూస్తే ఇంకెవరికీ వివరించక్కర్లేదు. అయితే కుళ్లిన గుడ్డు వాసనొచ్చే కొన్ని బోర్ల నీళ్లకు సహజంగానే నల్లబడొచ్చు. నల్లబడలేదు కదా అని కామెర్లు తెచ్చే వైరస్‌లు లేవని కూడా కాదు.

టీడీఎస్ మీటరు గురించి ఒక్క మాట. అది కొలిచేది కరిగిన లవణాల్ని. మురుగు కలిసిన నీళ్లలో ముంచినా 200 చూపిస్తే చూపిస్తుంది, మనం 'స్వీట్ వాటర్' అనుకుని తాగుతాం. దాన్ని ఈ పనికి వాడొద్దు.

ఇక ఇవి వరసగా చదువుకోండి:

బ్లీచింగ్ కలిపిన రోజు ఒక్కటే చూసి సరిపెట్టకండి. కలపని రోజు కూడా చూడండి.

క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే క్లోరోస్కోప్‌లో చివరి ఇంటి నీళ్లు పసుపు రంగుకు తిరగకపోతే రిపోర్టు కోసం ఆగకండి. రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ జనం తాగుతూనే ఉంటారు.

రంగు వెంటనే చూడండి. టీ తాగొచ్చి చూస్తే పసుపు ముదిరి మోసం చేస్తుంది.

బ్లీచింగ్ మూట మూతి కట్టండి. తెరిచి పెట్టిన మూటలో కొన్నాళ్లకు మిగిలేది సున్నమే.

మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. నలభై వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లే పోయండి. అరగంట ఆగి వదలండి.

కుళాయి గుంటలు పూడ్చండి. ప్రెషర్ రాదని గొడవ చేస్తారు, చేయనివ్వండి.

కాలువలోంచి పోయే కనెక్షన్ పైపుల్ని వానలు ముదరకముందే పైకి తీయించండి. సైకిల్ ట్యూబు రిపేరు రిపేరు కాదు.

కుళాయికి మోటారు పెట్టినవాడు సర్పంచి బావమరిదైనా తీయించండి.

వాల్వు గుంటలో నీళ్లు తోడాకే వాల్వు తిప్పండి.

లీకు బాగుచేసిన రోజున పరీక్ష చేసి ఫొటో దిగడం కాదు. లైనును బ్లీచింగ్ నీళ్లతో కడిగించాలి. వారం పోయాక మళ్లీ పట్టాలి. ఎక్కడ? చివరి కుళాయి దగ్గర.

ఒకే వీధిలో రెండు ఇళ్లలో విరేచనాలంటే పెళ్లి భోజనం మీద తోసేయకండి. ఆ వీధి నీళ్లు ఆపి, ట్యాంకరు పంపి, ఏఎన్ఎమ్‌కు చెప్పి, అప్పుడు సీసా పట్టండి.

ట్యాంకరు నీళ్లకూ క్లోరిన్ చూడండి.

సీసా మీద తేదీ, టైము, ఎవరి ఇంటి కుళాయో, బ్లీచింగ్ ఎప్పుడు కలిపారో రాయండి. రాయని సీసా నేను తీసుకోను.

నల్లబడిన హెచ్‌టూఎస్ సీసాను కిటికీలో వదలకండి, పిల్లలు ఆడుకుంటారు. చిక్కటి బ్లీచింగ్ నీళ్లు పోసి, అరగంట ఉంచి, నీళ్ల లైనుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.