మంచు ప్రాంతంలో స్పోర్ట్స్ కారుని చలికాలం దాటించడం ఎలా?

మిషిగన్, ఇల్లినాయ్, న్యూజెర్సీ, ఒంటారియో లాంటి చోట్ల ఉంటూ ముచ్చటపడి మస్టాంగో, కార్వెట్టో, పోర్షేనో కొనుక్కున్నవాళ్లకి ఏటా అక్టోబరులో ఒకే ప్రశ్న: ఈ చలికాలం బండిని లోపల పెట్టేయాలా, బయట తిప్పాలా? రెండిట్లో ఏదైనా చేయొచ్చు. చేసేది మాత్రం పూర్తిగా చేయండి. లోపల పెట్టామంటూనే ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపేయడం, ఎండ కాసింది కదా అని జనవరిలో సమ్మర్ టైర్ల మీదే ఒక రౌండు వేసి రావడం... ఈ సగం సగం పనులే కారుని ఎక్కువగా పాడుచేస్తాయి.

ముందు తేల్చుకోవలసింది

కారుకి అసలు శత్రువు మంచు కాదు, ఉప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లతో కలిసి బండి అడుగున, బ్రేకు పైపుల మీద, బోల్టుల సందుల్లో పేరుకుంటుంది. డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 350 మీటర్ల లోతున పెద్ద ఉప్పు గని ఉంది. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద ఉప్పుకి కొదవ ఉండదు.

రోజువారీ పనులకి ఇంకో బండి, తాళం వేసుకునే పొడి గ్యారేజీ ఉంటే లోపల పెట్టేయండి. అపార్ట్‌మెంట్‌లో ఉండి గ్యారేజీ లేకపోతే స్టోరేజీ అద్దెకు తీసుకోవచ్చు. అక్కడ హీటర్ ఉందా అని కాదు, తేమ లేకుండా ఉంటుందా అని అడగండి. ఇవేవీ కుదరనప్పుడు ఆరుబయట కవరు కప్పి నాలుగు నెలలు వదిలేయడం కంటే మంచి వింటర్ టైర్లు వేసి నడుపుకోవడమే మేలు. బయట గాలికి కవరు పెయింటుని రాపాడుతూనే ఉంటుంది. తడిసి గడ్డకడితే బాడీకి అతుక్కుపోతుంది కూడా.

లోపల పెట్టేవాళ్లకి

రోడ్ల మీద మొదటిసారి ఉప్పు పడకముందే పని పూర్తవ్వాలి. మనవాళ్లు చాలామంది దసరాకి గుడి దగ్గర వాహన పూజ చేయిస్తారు కాబట్టి, ఆ తర్వాత వచ్చే శని, ఆదివారాలు పెట్టుకుంటే మర్చిపోరు.

ఆయిల్ మార్పించడంతో మొదలుపెట్టండి. "వసంతంలో ఎలాగూ మార్పిస్తాం కదా" అని చాలామంది వాయిదా వేస్తారు, అది తప్పు. వాడిన ఆయిల్‌లో పెట్రోలు మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ ఉంటాయి. నెలల తరబడి అవి బేరింగుల మీద కూర్చోకూడదు. అదే చేత్తో కూలెంట్‌ని కూడా పరీక్షించమనండి. కూలెంట్, నీళ్లు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు.

తర్వాత కారుని శుభ్రంగా కడగాలి. చక్రాల గూళ్లు, అడుగు భాగం వదలకండి. పక్షి రెట్టలు పెయింటు మీద మిగిలితే నెలల్లో మరక పడిపోతుంది. మైనం పూత పూసి, లోపల సీట్ల కింద బిస్కెట్ ముక్క కూడా లేకుండా వాక్యూమ్ చేయండి.

ఇక పెట్రోలు. అమెరికా బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. ముందు ట్యాంకులో స్టెబిలైజర్ (పెట్రోలు నిల్వ ఉండి చెడిపోకుండా కాపాడే ద్రవం) పోసి, ఆ తర్వాత ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి. నిండుగా ఉంటే లోపల తేమగాలికి చోటుండదు. అక్కణ్ణుంచి ఇంటికి ఇరవై నిమిషాల దారి పెట్టుకోండి. స్టెబిలైజర్ కలిసిన పెట్రోలు ఇంజన్ దాకా చేరుతుంది, కడిగిన తడి బ్రేకుల మీద ఆరిపోతుంది, ఇంజన్ పూర్తిగా వేడెక్కి తేమ బయటికి పోతుంది. ఇదే ఈ ఏటికి ఆఖరి ప్రయాణం.

లోపలికి తెచ్చాక టైర్లలో గాలి మామూలు కంటే ఓ ఐదు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ పరిమితి మాత్రం దాటకండి. నెలల పాటు ఒకే చోట బరువు మోసినప్పుడు టైరు అడుగు చదునైపోకుండా ఇది కొంత కాపాడుతుంది. స్టాండ్ల మీద కారుని లేపి పెట్టాలా అని చాలామంది అడుగుతారు. మూడు నాలుగు నెలలకి అక్కర్లేదని నా అభిప్రాయం. కాస్త చదునైనా కొన్ని మైళ్లు నడిపాక సాధారణంగా సర్దుకుంటుంది. గ్యారేజీలో ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల కంటే పడిపోయేలా ఉంటే మాత్రం సమ్మర్ టైర్లతో జాగ్రత్త. అంత చలిలో ఆ రబ్బరుకి పగుళ్లు రావచ్చు. అలాంటి గ్యారేజీ అయితే చక్రాలు విప్పి బేస్‌మెంట్‌లో పెట్టడమే మంచిది, అప్పుడు స్టాండ్లు ఎలాగూ కావాలి.

హ్యాండ్ బ్రేకు వేయొద్దు. ప్యాడ్లు తుప్పుతో డిస్కులకి అతుక్కుపోవచ్చు. గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ఇంజన్ ఆపగానే అదే పడిపోవచ్చు. దాన్ని పడకుండా ఆపే పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

బ్యాటరీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని వచ్చేసరికి కారు ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం మనలో చాలామందికి అనుభవమే. ఆపి ఉంచినా అలారం, తాళం సెన్సర్లు, కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. పూర్తిగా ఛార్జ్ అయి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఈ ప్రాంతాల చలికి గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీ మాత్రం మైనస్ పది డిగ్రీల లోపే గడ్డకట్టి పగిలిపోవచ్చు. అందుకని బ్యాటరీ మెయింటెయినర్ కొని తగిలించేయండి. నిండగానే అదే ఆగి, తగ్గినప్పుడు మళ్లీ నింపుతుంది. పాతకాలం ఛార్జర్ అలా కాదు, ఆపకుండా కరెంటు పంపి బ్యాటరీని ఉడికిస్తుంది. మీది లిథియం బ్యాటరీ అయితే దానికి తగిన మెయింటెయినరే వాడాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు.

పోర్షే 911 ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఈ మధ్యకాలపు మోడళ్లలో చాలావాటికి బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ చచ్చిపోతే బ్యాటరీ దగ్గరికే వెళ్లలేరు. ఫ్యూజు బాక్సులో ఉన్న అత్యవసర టెర్మినల్‌కి బయటి నుంచి కరెంటు ఇచ్చి తెరవాలి. బ్యాటరీ తీగ విప్పేయదలుచుకుంటే ఆ డిక్కీ మూత గడియ పడకుండా వదిలేయండి.

ఎలుకల్ని తేలిగ్గా తీసుకోకండి. చలికి వెచ్చని చోటు వెతుక్కుంటూ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కట్టి, వైర్లు కొరికేస్తాయి. ఒక్క వైరింగ్ కట్ట మార్పించడానికే వేల డాలర్లు పోవచ్చు. సైలెన్సర్ గొట్టాల నోళ్లలో, గాలి లోపలికి వెళ్లే దారిలో తుప్పుపట్టని స్టీలు జాలీ కుక్కండి. గోడల వెంట బోనులు పెట్టి వారం వారం చూస్తూ ఉండండి. పుదీనా నూనె, బట్టల డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాల మీద నాకు నమ్మకం లేదు. కలరా ఉండలు కారు లోపల అసలు వద్దు, ఆ వాసన నెలలు గడిచినా పోదు, ఒంటికీ మంచిది కాదు. ఎలుకలు నోట పెట్టకుండా కారం కలిపిన టేపు హోండా అమ్ముతుంది, వైర్లకి చుట్టడానికి అది పనికొస్తుంది. ఎక్కడెక్కడ ఏం కుక్కారో ఒక కాగితం మీద రాసి స్టీరింగుకి అతికించండి.

పైన గాలి ఆడే గుడ్డ కవరు వేయండి, ప్లాస్టిక్ పట్టా వద్దు. సిమెంటు నేల నుంచి తేమ పైకి వస్తుంది కాబట్టి ఆ పట్టాని కారు కింద పరవండి. ఇన్సూరెన్స్ మొత్తం రద్దు చేసుకోకండి. దొంగతనం, అగ్ని ప్రమాదం లాంటివాటికి వర్తించే కాంప్రెహెన్సివ్ భాగం ఉంచుకోవాలి. కారు లోన్‌లోనో లీజులోనో ఉంటే ఏదైనా తగ్గించే ముందు వాళ్లని అడగండి.

ఇక ఆ కారు జోలికి వెళ్లకండి. పది నిమిషాలు స్టార్ట్ చేస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. మండగా వచ్చిన నీటి ఆవిరి ఇంజన్‌లో, సైలెన్సర్‌లో నీరుగా మిగిలిపోతుంది. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో అయితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది.

నడిపేవాళ్లకి

ముందు టైర్లు, మిగతావన్నీ తర్వాతే. సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే సమ్మర్ టైరు రబ్బరు పేరిన నెయ్యిలా గట్టిపడి పట్టు కోల్పోతుంది. రోడ్డు పొడిగా ఉన్నా సరే. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉన్నవి తీసుకోండి. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని మాత్రమే రాసి ఉంటే చాలదు. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. జర్మనీలో మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద వెళ్లాలంటే ఆ కొండ గుర్తు ఉండాల్సిందే. నాలుగూ మార్చాలి. వెనక రెండే మార్చి మలుపులో ముందు చక్రాలు జారితే స్టీరింగు మీ మాట వినదు. కాస్త చిన్న రిమ్ముల మీద సన్నటి టైర్లు వేస్తే మంచులో పట్టు బావుంటుంది, అయితే ఆ రిమ్ములో మీ బ్రేకు క్యాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) పడతాయో లేదో ముందే చూసుకోండి.

ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే గాలి సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది, తరచుగా చూసుకోండి. చక్రాలు జారి ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపకండి. వెనక చక్రాలతో నడిచే మాన్యువల్ కారుని రెండో గేరులో నెమ్మదిగా కదిలించండి, మలుపులో ఒక్కసారిగా గేరు తగ్గించకండి. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే బండి సులువుగా కదులుతుంది, కానీ ఆగడంలో దాని సాయం ఏమీ ఉండదు. ముందు బంపరు కింది అంచు ఎత్తుకి మించి మంచు పడిన రోజు కారు బయటికి తీయనే వద్దు. బండి మంచు మీద కూర్చుండిపోతే చక్రాలు గాల్లో తిరుగుతాయి.

ఉష్ణోగ్రత సున్నా దాటిన ప్రతిసారీ అడుగు భాగం కడిగే కార్ వాష్‌కి వెళ్లండి. ఉప్పుతో ఉన్న కారుని వెచ్చటి గ్యారేజీలో పెడితే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది, కాబట్టి కడిగాకే లోపలికి.

మళ్లీ బయటికి తీసేటప్పుడు

క్యాలెండరులో మార్చి వచ్చిందని తొందరపడకండి. రెండు మూడు గట్టి వానలు పడి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాకే తీయండి. మిషిగన్‌లో అది తరచుగా ఉగాది దాటాకే అవుతుంది. స్టీరింగు మీది కాగితం చదివి, కుక్కినవన్నీ తీయండి. బానెట్ లేపి ఎలుకల జాడ వెతకండి, నేల మీద ఆయిల్ మరకలు చూడండి. టైర్లలో గాలి మామూలు స్థాయికి దించండి. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కదిలించే ముందు బ్రేకు పెడల్ గట్టిగానే ఉందో లేదో తొక్కి చూడండి. డిస్కుల మీది సన్నని తుప్పు మొదట్లో గరగరమంటుంది, పదిసార్లు మెల్లగా బ్రేకు వేస్తే పోతుంది. ఆ చప్పుడు పోయి, ఆయిల్ పూర్తిగా వేడెక్కే వరకు ఇంజన్ ఆర్‌పీఎంని మూడు వేలు దాటనివ్వకండి.