పువ్వు, డిజైన్ ఒకే చిత్రంలో కుదరనప్పుడు

సమస్య: పువ్వు వెనుక డిజైన్‌లో కలిసిపోతోంది

కారణం: చాలామంది రంగును అనుమానించి, రేకులకు ఇంకా గాఢంగా ఎరుపు పూస్తారు. లోపం ఎక్కువగా లేత, ముదురు ఛాయల్లో ఉంటుంది. రెండూ ఒకే ముదురులో ఉంటే, రంగులు వేరైనా పువ్వు విడిగా తేలదు. చిత్రాన్ని ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రేకుల అంచులు బూడిద రంగులో కరిగిపోతే కారణం దొరికినట్టే.

పరిష్కారం: డిజైన్‌ను చెరిపేయకండి, అంత శ్రమ వృథా చేయనక్కర్లేదు. పువ్వు ముదురుదైతే, తెల్ల అక్రిలిక్‌ను గ్లేజింగ్ మీడియంలో (రంగును పారదర్శకంగా చేసే ద్రవం) పలుచగా కలిపి చుట్టూ ఉన్న డిజైన్ మీద ఒక పొర వేయండి. గీతలు కనిపిస్తూనే వెనక్కి తగ్గుతాయి. లేత పువ్వుకైతే ముదురు రంగు పొర వేయాలి. ఆరాక మళ్లీ ఫొటో తీసి చూసి, చాలకపోతే ఇంకో పొర వేయండి. ఒకేసారి చిక్కగా పూస్తే డిజైన్ పోతుంది.

సమస్య: పువ్వు తెచ్చి అతికించినట్టుంది

కారణం: పువ్వులో వెలుగునీడలు ఉండి డిజైన్ చదునుగా ఉండటమే తప్పని అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ 1907లో పూర్తి చేసిన అడెలె బ్లాఖ్-బావర్ అనే మహిళ చిత్రంలో ముఖానికీ చేతులకూ వెలుగునీడలున్నాయి, దుస్తులు మాత్రం చదునైన బంగారు నమూనా. అయినా అంతా ఒక్కటిగానే కనిపిస్తుంది. ఇబ్బంది వచ్చేది పువ్వు అంచు చుట్టూ ఒకే పదునుతో ఉన్నప్పుడు, పువ్వు రంగు నేపథ్యంలో మరెక్కడా లేనప్పుడు.

పరిష్కారం: చూపు నిలవాల్సిన రెండు మూడు రేకుల అంచులే పదునుగా ఉంచి, మిగతావి రంగు ఆరకముందే తడి కుంచెతో మెత్తబరచండి. డిజైన్ గీతలను ఒకటి రెండు ఆకుల మీదుగా సాగనివ్వండి. రేకుల రంగును డిజైన్‌లో అక్కడక్కడ చుక్కలుగా పెట్టండి.

సమస్య: కంటికి ఎక్కడా విశ్రాంతి లేదు

డిజైన్‌లోని ఆకారాలు, పువ్వులు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే ఇలా జరుగుతుంది. ఆకారాలను పువ్వుకంటే బాగా చిన్నవిగానో, బాగా పెద్దవిగానో మార్చండి. కొంత భాగం ఖాళీగా వదలండి. ఆ ఖాళీని నింపాలన్న ఆత్రాన్ని ఆపుకోవడమే ఇక్కడ అసలు కష్టం.

సమస్య: సామగ్రి మాట వినడం లేదు

పెన్ను గీతలు అలుక్కుపోతే, ఆ సిరా నీటికి కరిగేది. నీటికి చెదరని పిగ్మెంట్ సిరా వాడి, పూర్తిగా ఆరాకే రంగు వేయండి.

స్టెన్సిల్ కింద రంగు పాకితే కుంచెలో తడి ఎక్కువైనట్టు. చిక్కటి రంగు తీసుకుని, కుంచెను గుడ్డకు తుడిచి, నిలువుగా పట్టుకుని అద్దండి.

కొలాజ్ కోసం అతికించిన కాగితం ముడతలు పడితే, కాగితానికి రెండు వైపులా మాట్ మీడియం (జిగురులా పనిచేసే, మెరుపు లేని అక్రిలిక్ ద్రవం) పూసి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ గాలి తీసేయండి. అడుగున 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాగితం ఉంటే ఉబ్బడం తగ్గుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్లు చాలావరకు మీడియం తగలగానే కారతాయి కాబట్టి లేజర్ ప్రింట్లు వాడటం మేలు.

ఆయిల్ పాస్టెల్ (నూనె కలిసిన రంగు కడ్డీ) మీద అక్రిలిక్ నిలవకపోవడానికి కారణం ఆ జిడ్డే. దానికి మందు లేదు, వరుస మార్చాలి: ముందు అక్రిలిక్, ఆరాక పాస్టెల్.